కంటికి కనబడని కమ్యూనిటీ

"నదీముఖంలో తరతరాలుగా తలదాచుకోవడానికి గూడైనా లేక, నీళ్ళమీద తేలుతూ బతుకీడుస్తున్న కోట్లాది సూక్ష్మ ప్రజానీకాన్ని చరిత్రలో మొట్టమొదటిసారి గుర్తించిన ఘనత మా ప్రభుత్వానిదే. ఇకమీదట ప్లాంక్టన్ కమ్యూనిటీ కంటతడి పెట్టాల్సిన అవసరం రానివ్వం."

జలశాఖ మంత్రిగారి ఈ ప్రకటన మీరు పేపర్లో మొదటి పేజీలోనే చూసి ఉంటారు. దాన్ని రాసింది నేనే. మంత్రిగారి ఆఫీసులో ప్రెస్ నోట్లు రాయడం నా ఉద్యోగం. ఆయన అన్నది రాస్తాను, అనబోయేది రాస్తాను, అనకూడనిది అనేస్తే అనలేదని రాస్తాను. కాబట్టి ఆయన గొప్పతనం గురించి చెప్పే అర్హత నాకున్నంతగా మరొకరికి లేదు. ఆ ప్రకటన చదివి మా అక్క మాత్రం, "పొద్దస్తమానం నీళ్ళలో ఉండేవి కంటతడి పెట్టాయో లేదో ఎలా తెలుస్తుందిరా?" అంది. సైంటిస్టులకి ఇలాంటి వంకర ప్రశ్నలు పుడుతూనే ఉంటాయి.

నిజానికి ఈ చారిత్రక ఘట్టానికి కారణం మా అక్కే. నది సముద్రంలో కలిసేచోట రేకుల కప్పు కింద ఒక పరిశీలన కేంద్రం ఉంది. అందులో ఒక మైక్రోస్కోపు, గోడ నిండా సీసాలు, మా అక్క ఉంటారు. బయట ఒక బోటు ఉంటుంది. సన్నని గుడ్డవల నీళ్ళలోకి దించి, అందులో పడ్డ కంటికి కనబడని జీవాల్ని సీసాలకెత్తి, ఏ కాలంలో ఏ రకం ఎంతుందో లెక్కపెట్టడం ఆవిడ పని. వాటినే ప్లాంక్టన్ అంటారు. చిన్నప్పుడు మా అమ్మ తలలో పేలు చూడాలంటే అక్కనే పిలిచేది. ఆ చూపే ముదిరి ఉద్యోగమైంది.

చలికాలం లెక్క అయింది, ఎండలు ముదరకముందే ఎండాకాలం లెక్క కూడా అయింది. వానలు పడి నదికి వరద తగలగానే ఆ నీళ్ళు కూడా పట్టాలి. ఆ వానలు ఇంకా రాకముందే బోటు ఇంజను చచ్చింది. ఆ ఒక్క కాలం తప్పితే ఏడాది పనంతా నీళ్ళపాలు. పైగా ఏడాది నివేదిక పూర్తి కాకపోతే కేంద్రాన్ని మూసేస్తామని పైవాళ్ళు ముందే చెప్పి ఉంచారు.

"ఒరేయ్, మీ మంత్రిగారితో నాలుగు ముక్కలు మాట్లాడించరా. ఇంజను బాగుచేయించమని అడుగుతాను. అంతకంటే నాకేం వద్దు," అంది అక్క.

అంతకంటే ఏం వద్దనేవాళ్ళని మంత్రిగారి దగ్గరికి తీసుకెళ్ళడం ప్రమాదమని నాకు అప్పటికి తెలియదు.

మంత్రిగారి గదిలో గోడమీద పార్టీ అధినేత ఫోటో, దాని కింద మంత్రిగారు, ఆయన పక్కన పి.ఎ. ఉంటారు. ఈ పి.ఎ. నోటివెంట "అలాగే సార్" తప్ప మరోమాట రావడం ఎవరూ వినలేదు. అందుకని ఆఫీసులో అందరం ఆయన్ని అలాగేగారు అంటాం. మంత్రిగారు కళ్ళు మూసుకుని అక్క మాటలు వినడం మొదలుపెట్టారు. అలా వినడం ఆయన అలవాటు. ఎదుటివాళ్ళకి ధైర్యంగా ఉంటుందని మధ్యమధ్య గురక కూడా పెడతారు.

"మన నదీముఖంలో ప్లాంక్టన్ కమ్యూనిటీలు సీజన్ని బట్టి మారిపోతుంటాయండి. చేపపిల్లలకి ఇవే తిండి కాబట్టి..."

గురక ఆగింది. మంత్రిగారి కళ్ళు తెరుచుకున్నాయి.

"చేపల మాట నా దగ్గర ఎత్తకమ్మా. అవి మత్స్యశాఖ. అందులో వేలుపెడితే లేనిపోని గొడవ. ఇంతకీ ఏదో కమ్యూనిటీ అన్నావు?"

"ప్లాంక్టన్ అండి."

మంత్రిగారు అలాగేగారి వైపు తిరిగారు. "వీళ్ళు మన లెక్కల్లో ఉన్నారా?"

"అలాగే సార్."

"లేరన్నమాట. జనాభా ఎంతుంటారమ్మా?"

"ఎలా చెప్పనండీ, చెంబుడు నీళ్ళలోనే లక్షలుంటాయి."

"లక్షలు! చెంబులో! ఎంత ఇరుకున బతుకుతున్నారో చూడవయ్యా!" అని మంత్రిగారు నావైపు చూశారు. "ఇళ్ళున్నాయా?"

"ఇళ్ళేమిటండీ? నీళ్ళలో తేలుతుంటాయి."

"భూమి?"

"భూమ్మీదికొస్తే చచ్చిపోతాయండి."

"భూమిలేని నిరుపేదలు. రాసుకో."

రాసుకున్నాను. అక్క కుర్చీ అంచుకి జరిగింది. "మీరు వేరేలా అనుకుంటున్నారండి. అవి అసలు కంటికే కనబడవు."

"కనబడరమ్మా. ఎలా కనబడతారు? ఎన్నికలప్పుడు తప్ప మాకెవరు కనబడ్డారు గనక! ఆ లోపం మాదే." ఆయన గుండెమీద చెయ్యి వేసుకున్నారు. "సరే, వాళ్ళలో పైచేయి ఎవరిది?"

"ఎండాకాలం సముద్రపు నీళ్ళు లోపలిదాకా వస్తాయండి. అప్పుడు ఉప్పునీటి రకాలు ఎక్కువ. వరదొస్తే మంచినీటి రకాలు."

"రెండు వర్గాలన్నమాట."

"వందల రకాలండి."

"వందల ముఠాలు!" మంత్రిగారి ముఖం వెలిగింది. సొంత పార్టీ ఆఫీసులో ఉన్నంత హాయిగా కుర్చీలో వెనక్కి వాలారు.

"ఆ బోటు ఇంజను సంగతి..." అంది అక్క.

"ఇంజనేమిటమ్మా నా మొహం! కార్పొరేషనే ఇస్తున్నాను. ఏమయ్యా?"

"అలాగే సార్."

వరండాలోకి వచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "లోపల ఏం జరిగిందిరా?"

"నీ ప్లాంక్టన్‌కి కార్పొరేషన్ వచ్చిందక్కా."

"ఇంజను?"

"అది రాలేదు."

అక్క తమ్ముణ్ణి కాబట్టి నాకూ కొంచెం మనస్సాక్షి ఉంది. సభలో ప్రకటన చెయ్యబోయే ముందు ధైర్యం తెచ్చుకుని మంత్రిగారి చెవిలో, "సార్, ప్లాంక్టన్లు మనుషులు కారు సార్," అన్నాను.

ఆయన నావైపు ఎంత జాలిగా చూశారో చెప్పలేను. "మనుషులు కారని ఇన్నాళ్ళూ చూశారు కాబట్టేనయ్యా వాళ్ళు ఇంత వెనకబడింది!"

ఇంత గొప్ప వాక్యం విన్నాక వదులుకుంటానా? దాన్ని కూడా ప్రెస్ నోట్లో చేర్చాను.

సభలో ప్రతిపక్షం నవ్వుతుందని నేను భయపడ్డాను. ప్రతిపక్ష నాయకుడు లేచి, గొంతు సవరించుకుని, "ప్లాంక్టన్లని ముందు గుర్తించింది మేము. నా చిన్నతనంలో మా పక్కిల్లు ప్లాంక్టన్ వాళ్ళదే. ఆ ఇంటి ఇల్లాలు తన పిల్లలకి పెట్టే ముద్ద ముందు నా నోట్లో పెట్టేది. ఆ తల్లి రుణం తీర్చుకోలేను," అని కళ్ళు తుడుచుకున్నాడు.

మా మంత్రిగారి ముఖం మాడిపోయింది. "వాళ్ళింట్లో తిన్నాడటయ్యా! మనం చాలా వెనకబడ్డాం," అన్నారు నాతో. ఆ తర్వాత ప్లాంక్టన్లు ఎవరని అడిగే ధైర్యం సభలో ఎవరికీ లేకపోయింది. తెలియదంటే వాళ్ళ ఓట్లు పోతాయి. బిల్లు ఏకగ్రీవంగా గట్టెక్కింది.

ప్లాంక్టన్ సంక్షేమ కార్పొరేషన్‌కి కాబోయేగారు ఛైర్మన్ అయ్యారు. ఈయన పార్టీ కార్యకర్త. ఎప్పటినుంచో ఏదో ఒకదానికి కాబోయే ఛైర్మన్‌గా తిరుగుతూ ఆ పేరు సంపాదించుకున్నారు. పదవి వచ్చినా పేరు పోలేదు. కుర్చీ ఎక్కగానే ఆయన అడిగిన మొదటి మాట, "నా వాహనమేది?" అని. నీళ్ళలో ఉండే కమ్యూనిటీకి ఛైర్మన్ కారులో తిరిగితే ఏం బాగుంటుంది? అక్క బోటుని తెప్పించారు. ఇంజను మారింది. పార్టీ రంగు పడింది, ముందు జెండా లేచింది, మధ్యలో సోఫా దిగింది.

అంటే అక్క అడిగిన పని నూటికి నూరుపాళ్ళు జరిగింది. ఇంజను బాగయింది. బోటే పోయింది. పిల్లి మెడలో గంట కట్టమంటే గంట కట్టి పిల్లిని పట్టుకుపోయినట్టయింది.

కాబోయేగారు పరామర్శకి పరిశీలన కేంద్రానికి కూడా వచ్చారు. "భయపడకండమ్మా. మీవాళ్ళని ఇక నేను చూసుకుంటాను," అని అక్కకి అభయమిచ్చారు.

"మావాళ్ళెవరండీ?"

"మీరు ప్లాంక్టన్లు కాదూ?"

"నేను వాటిని చదువుతానండి."

"చదువుకున్న ప్లాంక్టన్ అన్నమాట! మీలాంటివాళ్ళే ముందుకు రావాలి." ఆయన సీసాల వరసకి దూరంనుంచే ఓ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఎండలు ముదిరిన రోజుల్లో నది ఒడ్డున కమ్యూనిటీతో ఆత్మీయ సమ్మేళనం జరిగింది. వేదికమీద మంత్రిగారికీ కాబోయేగారికీ మధ్య పెద్ద కుర్చీలో ఒక గాజు జాడీ కూర్చుంది. అందులో నదీముఖం నీళ్ళు ఉన్నాయి. బొకే ఇద్దామంటే అందుకునే చెయ్యి లేక కాబోయేగారు దాన్ని జాడీ మూతమీద పెట్టారు. ఎదురుగా ఉన్న జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళని ఎప్పటిలాగే లారీల్లో తెచ్చారు. ఏ కమ్యూనిటీ అని అడిగితే ప్లాంక్టన్ అని చెప్పమని లారీలోనే నేర్పారు.

తర్వాత మంత్రిగారు అక్క తెచ్చిన మైక్రోస్కోపులోకి వంగారు. చాలాసేపు అలాగే ఉండిపోయారు. తలెత్తినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. "నన్ను చూసి చేతులూపుతున్నారయ్యా. నల్లగా, సన్నగా, ఎంత చిక్కిపోయారో!"

అక్క నా చెవి దగ్గర, "అవి ఆయన కనురెప్ప వెంట్రుకలురా," అంది.

మర్నాడు పేపర్లలో, "ప్రియతమ నేతకు చేతులూపిన ప్లాంక్టన్లు," అని వచ్చింది. ఆ హెడ్డింగు నాదే. చెప్పుకోకూడదు గానీ, బాగా కుదిరింది.

వానలు వచ్చాయి. ఎర్రటి వరద నదీముఖం నిండా పొంగి సముద్రంలోకి దూకుతోంది. కాబోయేగారు మాత్రం ఒడ్డుకి కట్టేసిన బోటులో, గొడుగు కింద, సోఫామీద కూర్చుని సందర్శకులకి దర్శనమిస్తున్నారు. తాడు విప్పితే తలతిరుగుతుందట. అక్క రోజూ ఒడ్డుకొచ్చి ఆ బోటువైపు, ఆ నీళ్ళవైపు చూసి వెళ్ళేది.

"ఒడ్డునుంచే ముంచుకోరాదా అక్కా?" అన్నాను ఒకరోజు.

"ఒడ్డు నీళ్ళు వేరు, నడి నీళ్ళు వేరురా. దొంగలెక్క రాయమంటావా? ఇంకొన్నాళ్ళు పోతే వరద తీసేస్తుంది. కేంద్రానికి తాళం పడుతుంది. ఇన్నేళ్ళు నేను చూసినదానికి అర్థమే లేకుండా పోతుంది." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రెస్ నోట్లు రాసేవాడికి సొంతంగా బాధపడే అధికారం లేదు. అయినా, ఆ కార్పొరేషన్‌ని పొగుడుతూ ఎన్ని విశేషణాలు వాడానో గుర్తొచ్చి బాధేసింది.

ఇంతలో కార్పొరేషన్ భవనానికి శంకుస్థాపన పెట్టుకున్నారు. కుర్చీలో కూర్చోబెట్టడానికి మళ్ళీ జాడీ కావాలి. కాబోయేగారు సోఫామీంచి లేవకుండానే చెయ్యి చాచి జాడీ నింపారు. ఎందుకైనా మంచిదని మంత్రిగారు అక్కని పిలిపించి, "మనవాళ్ళంతా క్షేమమేనా చూడమ్మా," అన్నారు.

అక్క తను తెచ్చిన మైక్రోస్కోపులో చూసింది. "ఇవి అవి కావండి."

"అంటే?"

"ఎండాకాలం మీరు సన్మానం చేసిన ఉప్పునీటి రకాలు ఇందులో కనబడటం లేదండి. ఇవన్నీ మంచినీటివి. వరదొచ్చి ఉప్పు తగ్గింది కదా."

మంత్రిగారి చేతిలో కప్పు సాసర్లో కూలబడింది. "ఫిరాయించారా? ఎవడు తీసుకుపోయాడు? పక్కింటి ముద్ద తిన్నాడే, వాడేనా?"

"ఎవరూ కాదండి. ఉప్పున్నన్నాళ్ళు ఉంటాయి, ఉప్పు తగ్గితే..."

"తిన్న ఉప్పుకి ఇంత ద్రోహమా!" మంత్రిగారు లేచి నిలబడ్డారు. అంత ఆవేదన నేనెప్పుడూ చూడలేదు. "కార్పొరేషన్ ఇచ్చాను. సమ్మేళనం పెట్టాను. చేతులూపి మరీ మోసం చేశారు! ఇలా వదిలేస్తే రేపు ప్రజాస్వామ్యం ఏమైపోవాలి? చట్టం తేవాలి. గాలివాటంగా గోడదూకే ప్రతివాణ్ణీ శిక్షించే చట్టం! ఏమయ్యా?"

"అలాగే సార్."

అక్క ఒకసారి నావైపు చూసింది. చిన్నప్పుడు డబ్బాలో జంతికలు తనే మాయం చేసి, తిన్నది తమ్ముడని అమ్మకి చెప్పబోయే ముందు కూడా ఆవిడ ఇలాగే చూసేది. అప్పటిదాకా ప్లాంక్టన్లని ఆవిడ "అవి" అనేది. ఆ రోజు మొదటిసారి మాట మార్చింది.

"వాళ్ళు పూర్తిగా పోలేదు సార్. అసంతృప్తిగా ఉన్నారు."

మంత్రిగారు టక్కున కూర్చున్నారు. "అసంతృప్తులా? అలా చెప్పవేమమ్మా! అసంతృప్తి అయితే మందుంది."

"వరద ఉన్నన్నాళ్ళూ రోజూ ఎవరో ఒకరు నడి నీళ్ళలోకి వెళ్ళి వాళ్ళని కలవాలి సార్. ఎవరున్నారో, ఎవరు పోయారో, కొత్తగా ఎవరొచ్చారో తెలుసుకోవాలి. ఒడ్డున కూర్చుంటే గౌరవం ఇవ్వట్లేదనుకుంటారు. నేను వెళతాను. బోటు కావాలి."

అప్పటికప్పుడే బుజ్జగింపుల కమిటీ పడింది. కాబోయేగారు అధ్యక్షులు, అక్క సభ్యురాలు. మొదటిరోజు అధ్యక్షులు కూడా బోటెక్కి, ఒడ్డు దాటీదాటకముందే కడుపులో ఉన్నదంతా కమ్యూనిటీకి సమర్పించుకుని, సర్వాధికారాలూ సభ్యురాలికి రాసిచ్చి ఒడ్డున దిగిపోయారు. ఆ తర్వాత వరద తీసేవరకు అక్కదే రాజ్యం. జెండాకర్రకి గుడ్డవల కట్టుకుంది. సోఫామీద సీసాలు పేర్చుకుంది. "ఇంత మెత్తగా నా సీసాలు ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదురా," అని ఆవిడ నవ్వితే, ఎన్నాళ్ళకో నాకు ప్రాణం లేచొచ్చింది. రోజూ సాయంత్రం నేను, "చర్చలు సానుకూలం," అని ప్రెస్ నోట్ ఇచ్చేవాణ్ణి.

ఫిరాయింపుదార్ల బిల్లు సభకి వచ్చింది. ఒక్క ప్లాంక్టన్ల మీదే పెడితే బాగుండదని అందులో సభ్యులతో సహా అందరినీ కలిపారు. అప్పటికి ప్రభుత్వంలో కాస్త ఉప్పు తగ్గిందని లాబీల్లో అనుకుంటున్నారు గానీ, అలాంటివి పట్టించుకునే మనిషి కాదు మా మంత్రిగారు. విశ్వాసం గురించి ఆయన చేసిన ప్రసంగం విని సభ గుక్కపట్టింది. తల్లిపాలకీ పార్టీ టికెట్టుకీ తేడా లేదన్నారు. చచ్చినా ఉన్నచోటే చావాలన్నారు. బల్లలు మోగాయి. ఆయన మంచినీళ్ళు తాగి, కండువా సవరించుకుని, ఎదుటి ప్రతిపక్ష బల్లల వైపు నడిచారు. ఎవర్నో పలకరించడానికనుకున్నాం. అక్కడ ఒక ఖాళీ కుర్చీ ఉంది. దాన్ని చేత్తో దులిపి కూర్చున్నారు. ఆయన వెనకే ఇంకొందరు లేచారు. ఓటింగులో తన బిల్లుని తనే ఓడించారు.

ఒకే రోజు ఒకే బిల్లుకి రెండు వైపుల నుంచీ న్యాయం చేసిన నాయకుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

ప్రభుత్వం పడింది, ఇంకోటి లేచింది. జలశాఖ మా మంత్రిగారికే వచ్చింది. అదే గది, అదే కుర్చీ, పక్కన అదే అలాగేగారు. గోడమీద ఫోటో మాత్రం మారింది. పాత ఫోటో కొంచెం పెద్దది కావడంతో కొత్త ఫోటో చుట్టూ గోడ తెల్లగా కనబడుతోంది. కాబోయేగారు బోటుకి కొత్త రంగు వేయించే పనిలో ఉన్నారు.

అక్క పూర్తయిన నివేదిక పట్టుకుని వచ్చింది. మూడు కాలాల లెక్కా అందులో ఉంది. మంత్రిగారు సంతకం పెడితే కేంద్రం నిలబడుతుంది, లేకపోతే తాళం. సంతకం పెట్టకుండా ఆయన పెన్ను మూత పళ్ళతో కొరుకుతూ కూర్చున్నారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఇంతకీ వాళ్ళెందుకు వెళ్ళిపోయారో తేలిందామ్మా? ఏదైనా లోపం జరిగిందా మన వల్ల?"

"లేదండి. వాటి స్వభావమే అంత. ప్లాంక్టన్ అంటేనే అర్థం అదండి, ప్రవాహానికి ఎదురీదలేనివని. నీళ్ళు ఎటు పోతే అటు పోతాయి."

నేను గోడమీద కొత్త ఫోటో చూస్తూ నిలబడ్డాను. అలాగేగారు నేల చూస్తున్నారు. అక్క ముఖంలో ఏ భావమూ లేదు, సంతకం కోసం ఎదురుచూడటం తప్ప.

"పాపం," అన్నారు మంత్రిగారు చివరికి. ఆయన పెన్ను మూత నోట్లోంచి తీశారు. "నీళ్ళటు పోతుంటే మరి వాళ్ళేం చేస్తారమ్మా? వాళ్ళ తప్పేముంది? అనవసరంగా మాటలన్నాను. క్షమించేశానని రాసుకోవయ్యా."

రాసుకున్నాను. ఆయన సంతకం పెట్టారు. కేంద్రం ఉంటుందని రాశారు, బోటు కేంద్రానికే తిరిగి ఇచ్చెయ్యమని కూడా రాశారు. అక్క కాగితాలు గుండెకి హత్తుకుని లేచింది. గుమ్మందాకా వెళ్ళాక వెనకనుంచి మంత్రిగారు పిలిచారు.

"అమ్మా, ఒక్క సందేహం. ఎదురీదేవి అసలు లేనే లేవా ఆ నీళ్ళలో?"

"ఉన్నాయండి. కానీ వాటిని ప్లాంక్టన్ అనరు."

"మరేమంటారు?"

"చేపలంటారండి."

మంత్రిగారు అలాగేగారి వైపు తిరిగారు.

"చేపలు మన శాఖ కాదు కదయ్యా. మనకెందుకులే."

"అలాగే సార్."